కంప్యూటర్ గొంతు మారిన కార్తీకం

నాకు చూపు ఒక్కసారిగా పోలేదు. డిగ్రీ చదివే రోజుల్లో చీకటి పడ్డాక మెట్లు కనిపించడం మానేశాయి. కొన్నాళ్లకు పక్కనుంచి వచ్చే మనుషులు కనిపించడం మానేశారు. ఆ తర్వాత నల్లబల్ల మీది అక్షరాలు, చివరికి ఎదురుగా నిలబడ్డవాళ్ల మొహాలు. అప్పటికే టీచరు ఉద్యోగంలో చేరాను. సోషల్ చెప్పేదాన్ని. పర్ణశాల దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ నాకు చదివి వినిపించడానికి ఎవరో ఒక పిల్ల ఎప్పుడూ పక్కనే ఉండేది. పాఠం చదువుతూ చదువుతూ మధ్యలో పక్కదానితో కోయలో ఏదో అని కిసుక్కున నవ్వేది. ఏమిటే అంటే "ఏం లేదు టీచర్" అనేది. మళ్లీ అదే గొంతుతో అక్బరు పరిపాలన చదివేది.

రిటైరయ్యాక భద్రాచలంలో, కరకట్టకు దగ్గరగా, ఒక ఇంట్లో కింది వాటా కిరాయికి తీసుకున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు. వేంసూరులో తమ్ముడు వ్యవసాయం చేసుకుంటున్నాడు. వచ్చి తమతో ఉండమని పిలుస్తూనే ఉంటాడు. పిలుపు మనస్ఫూర్తిగానే ఉంటుంది, కానీ ఆ ఊళ్లో నేను గడప దాటాలంటే ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. ఇక్కడ నా దారులు నాకు తెలుసు. కాలువ మీద ఏ బండ కదులుతుందో, టీ కొట్టు పొయ్యి చప్పుడు వినిపించాక ఎటు తిరగాలో తెలుసు. కూరగాయలామె నన్ను చూడగానే "టీచరమ్మా, ఇటు" అని పిలుస్తుంది. నాకు అంత చాలనుకున్నాను.

మిగతాదంతా కంప్యూటరే. ఉద్యోగంలో ఉండగా కొనుక్కున్నాను. తెర మీద ఉన్నదాన్ని బయటికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. నాలాంటి వాళ్లం దాంతోనే పనిచేసుకుంటాం. మీట నొక్కితే అక్షరం పలుకుతుంది, బాణం గుర్తు నొక్కితే వాక్యం చదువుతుంది. నా కంప్యూటర్‌లో చదివేది ఒక మగ గొంతు. మనిషిది కాదు, మిషన్‌లో తయారైంది. ఊపిరి తీసుకోదు. ఒక వాక్యం తోక పట్టుకుని ఇంకో వాక్యం వచ్చేస్తుంది. ఒత్తులన్నీ మింగేస్తుంది. కిలోమీటర్లకు పొడి అక్షరాలు రాస్తే "కి చుక్క మీ చుక్క" అంటుంది. రూపాయలైతే "రూ చుక్క". మొదట్లో విసుగొచ్చేది. తర్వాత ఆ చుక్కలు లేకుండా వార్త విన్నట్టే ఉండేది కాదు. నా పాఠాల నోట్సు, నా రిటైర్మెంట్ ఆర్డరు, పొద్దున పేపరు, సాయంత్రం కథల పుస్తకం, అన్నీ ఆ గొంతులోనే విన్నాను. తెలియకుండానే దాన్ని నేను "అతను" అనడం మొదలుపెట్టాను. పైకి కాదు, మనసులో.

గత ఏడాది వానలు తగ్గాక అతను రోజూ ఒక మాట చెప్పడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ ఆన్ చేయగానే, ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు పలుకుబడిలో ముక్కలు చేసుకుంటూ చదివేవాడు. ఈ ఆపరేటింగ్ సిస్టమ్ కాలం అయిపోయింది, ఇక దీనికి రక్షణ ఉండదు, కొత్త సిస్టమ్‌లోకి మారండి అని దాని సారాంశం. తన పని అయిపోయిందని తనే చదివి వినిపిస్తున్నాడని నాకప్పుడు తట్టలేదు. రోజూ "తర్వాత గుర్తుచేయి" నొక్కి పేపర్లోకి వెళ్లిపోయేదాన్ని.

మధిరలో నాకొక స్నేహితురాలుంది. బ్యాంకులో పనిచేస్తుంది. పుట్టుకతోనే చూపు లేదు. ఎప్పుడో కంప్యూటర్ శిక్షణలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. నాకంటే చాలా చిన్నది, అక్కా అంటుంది. ఈ విషయాల్లో మాత్రం నాకు అది గురువు.

"ఇంకా మార్చలేదా అక్కా? పాత సిస్టమ్‌లో నెట్ బ్యాంకింగ్ చేస్తున్నావా? పింఛను డబ్బులు ఎవడో లాగేసుకుపోతే అప్పుడు ఏడుద్దువుగాని," అని ఫోన్‌లో కేకలేసింది.

"మారిస్తే నాకేమన్నా ఇబ్బందవుద్దా?"

"ఏమవుద్ది? డౌన్‌లోడ్ పెట్టి అన్నం వండుకో. అయిపోద్ది. నీ కంప్యూటరు కొత్త సిస్టమ్‌కి సరిపోద్ది, నువ్వు చెప్పిన వివరాలన్నీ చూశాగా."

కార్తీక మాసం. పొద్దున్నే గోదావరి స్నానాలకు వచ్చినవాళ్ల బస్సులు వరసగా హారన్లు కొడుతున్నాయి. ఆ హడావుడి సద్దుమణిగాక కంప్యూటర్ ముందు కూర్చుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఒప్పుకుంటున్నానని మీట నొక్కాను. అతను శాతాలు చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా పెరుగుతూ పోయాయి. నేను బియ్యం కడిగాను. పప్పులో గోంగూర వేశాను. వంటింట్లోంచే వింటున్నాను. చివరికి కంప్యూటర్ తిరిగి మొదలవుతుందని చెప్పాడు. "రీస్టార్ట్" అన్న మాట అతని నోట ఎప్పుడూ "రెస్టార్ట్" అని వచ్చేది. ఆ రోజూ అలాగే వచ్చింది. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

కంగారు పడలేదు. ఇలాంటప్పుడు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుందని స్నేహితురాలు ముందే చెప్పింది. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఆగింది, మళ్లీ మొదలైంది. కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అన్నం తిని వచ్చాను. ఎంత సేపైనా మాట రాలేదు. మీటలు నొక్కాను. ఇయర్‌ఫోన్లు పెట్టి చూశాను. చెవుల్లో నా నెత్తురు చప్పుడే. ఆపి ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది, అంతే.

స్నేహితురాలు ఫోన్‌లో రకరకాల మీటలు చెప్పింది. అవన్నీ నొక్కాను. నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. గోడను నొక్కుతున్నట్టుంది. ఫోన్‌లో కెమెరాతో చూసి చెప్పే యాప్ ఉంది కదా అంటే అదీ చేశాను. కంప్యూటర్ తెర ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. "గోడ. బల్ల. బల్ల మీద పూల గుడ్డ," అంది ఫోన్. నా తెర మీద గుడ్డ కప్పి ఉంటుంది. నాకు దాంతో పని లేదు కదా, ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు దుమ్ము పడకుండా కప్పాను. గుడ్డ తీసి మళ్లీ పట్టుకుంటే "నల్లటి తెర" అంది. దాన్ని ఆన్ చేసే బొత్తం ఎక్కడుందో తడిమి చూశాను. అంచంతా నున్నగా ఉంది, చేతికేమీ తగల్లేదు.

మరునాడు సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే షాపుకు ఫోన్ చేశాను. "పెట్టె తీసుకరండి మేడమ్, మొత్తం తీసేసి కొత్తగ వేస్త. లోపలున్నయి మాత్రం పోతయి," అన్నాడు. లోపల నేను రాసుకున్నవి చాలా ఉన్నాయి. వద్దులెండి అన్నాను.

ఆ సాయంత్రాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఫోన్ ఉంది, అది కూడా మాట్లాడుతుంది. కానీ అది చిన్న గొంతు, ఎవరు పిలిచారో చెప్పడానికి సరిపోతుంది. పుస్తకం చదివించుకుంటే చెవి నొప్పి పుడుతుంది. రేడియో పెట్టాను. నేను ఆపమంటే ఆగదు, మళ్లీ చెప్పమంటే చెప్పదు. దాని పాటికి అది మాట్లాడుకుంటూ పోతుంది. కట్టేశాను. ఇంట్లో గోడ గడియారం ఉందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. కుక్కర్ మూత తీసి పెట్టినా ఇల్లంతా మోగింది. అన్నం తింటూ "ఉప్పు తక్కువైంది" అని పైకి అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

అలా కూర్చుని ఉండగా గేటు గడియ తీసిన చప్పుడైంది. ఒక కాలు కొంచెం ఈడ్చే నడక. పక్క వాటాలో ఉండే పెద్దాయన. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఇక్కడికొచ్చాడు. మా రెండు వాటాలకూ మధ్య ఒకటే గోడ. ఆయన ఇల్లందు నుంచి వచ్చిన కొత్తలో ఒకటి రెండుసార్లు నీళ్ల మోటారు గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఎదురుపడితే "బాగున్నరా", "బాగున్నాం" అంతే.

"టీచరమ్మా, లోపలున్నరా?"

"ఉన్నానన్నా. రండి."

"లోపటికెందుకులే. మీ పానం మంచిగున్నదా?"

"బాగానే ఉంది. ఎందుకట్లా అడుగుతున్నారు?"

ఆయన గడప దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఏం లే. మొన్నటి సంది మీ ఇంట్ల ఆయన మాట్లాడ్తలేడు."

నాకు అర్థం కాలేదు. "ఏ ఆయన?"

"గదే... కంప్యూటరాయన. నేను వచ్చిన కొత్తల మీ తమ్ముడనుకున్న. గింతసేపు ఆగకుంట మాట్లాడ్తడేంది, మధ్యల ఊపిరన్న తీసుకోడు అనుకున్న. తర్వాత ఇంటి ఓనరమ్మ చెప్పింది, గది మనిషి కాదు మిషనని. రోజూ పేపరు సదువుతడు గద. ఇప్పుడు సప్పుడు లేదు. మీకేమన్న అయిందేమోనని..."

నవ్వొచ్చింది. ఈ ఊళ్లో నా గురించి ఎవరైనా కంగారు పడతారని నేను అనుకోలేదు. అదీ నా గొంతు కాదు, దాని గొంతు వినిపించలేదని.

జరిగింది చెప్పాను. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"నాకు ఇంగ్లీషు సదువస్తలేదు టీచరమ్మా. అక్షరాలు మాత్రం గుర్తుపడత. ఒక్కొక్కటి చెప్తే మీకు ఎర్కయితదా?"

"ఎందుకు తెలియదు? అంతకన్నా ఏం కావాలి?"

మధిరకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. తెర వెనకవైపు కింద చెయ్యి పెట్టి వెతకమంది స్నేహితురాలు. టక్కుమని చిన్న చప్పుడు.

"వచ్చింది టీచరమ్మా! గడియారం కనపడుతున్నది."

నా పాస్‌వర్డ్ కొట్టి మీట నొక్కాను.

"ఇప్పుడు పువ్వు లెక్క ఒకటొచ్చింది. నీలం రంగు."

"నీలమంటే ఏ నీలం?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. చాలా ఏళ్లుగా ఎవరినీ రంగు గురించి అడగలేదు.

ఆయన ఆలోచించాడు. "గ్యాస్ పొయ్యి మంట ఉంటది సూడు, గట్ల."

నాకు కనిపించింది. చిన్న నీలం మంట, చుట్టూ రేకులు.

"అక్కా, రంగులు తర్వాత," అంది ఫోన్‌లోంచి స్నేహితురాలు. "పెద్దాయనా, కుడి చేతి పక్క కింద మూలన స్పీకరు బొమ్మ ఉంటుంది, చూడండి."

సొరుగులో పడి ఉన్న మౌస్ తీసి తగిలించాను. నాకెప్పుడూ దాంతో పని పడలేదు. ఆయన కూడా జీవితంలో పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఇది బల్ల దాటి కింద పడేటట్టున్నది. బాణం ఇంకా మూలకు పోలే."

"ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టి జరపండన్నా."

"అవ్, గట్ల జరుగుతున్నది."

అలా మేం ముగ్గురం, ఇద్దరికి చూపు లేక, ఒకరికి ఇంగ్లీషు రాక, ఆ మూలకు చేరుకున్నాం. ఆయన బొమ్మ నొక్కాడు. ఏదో తెరుచుకుంది. పక్కనున్న చిన్న గుర్తు నొక్కమంది స్నేహితురాలు. రెండు వరసలు వచ్చాయన్నాడు. కింది వరస చదవమంటే మొదలుపెట్టాడు. "ఎస్... పీ... ఈ... ఏ... కే..."

"స్పీకర్స్," అన్నాను. "పైదేంటి?"

పై వరసలో అక్షరాలూ అంకెలూ కలిసి ఉన్నాయి. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ చదివాడు. స్నేహితురాలు ఒక్క అరుపు అరిచింది.

"అది నీ మానిటర్ పేరక్కా! శబ్దమంతా తెరలోకి పోతోంది. దానికి స్పీకర్లున్నాయా?"

"లేవు."

"అదీ సంగతి. అంటే ఈ రెండ్రోజులూ అది మాట్లాడతానే ఉందక్కా. మనకి వినపళ్లేదంతే."

నేను అన్నం తింటున్నప్పుడు, గుడ్డ తీసినప్పుడు, మీటలన్నీ ఒకటొకటిగా నొక్కినప్పుడు అది ప్రతిదానికీ జవాబు చెబుతూనే ఉందన్నమాట.

పెద్దాయన కింది వరస నొక్కాడు. గది నిండా ఒక్కసారిగా గొంతు వచ్చింది. ఆడ గొంతు. మెత్తగా, ఒత్తులన్నీ పలుకుతూ, వాక్యం చివర చిన్నగా ఆగుతూ.

ఆయన ఉలిక్కిపడ్డట్టున్నాడు, కుర్చీ కిర్రుమంది. "ఈమెవరు?"

కొత్త సిస్టమ్‌తో పాటు చదివే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తదైందని, పాత గొంతు ఇందులో పనిచేయదని, ఇప్పుడు వచ్చిన తెలుగు గొంతు చాలా బాగుంటుందని స్నేహితురాలు వివరించింది. "మనిషి చదివినట్టే ఉంటుందక్కా, వింటే నీకే తెలుస్తుంది," అని ఫోన్ పెట్టేసింది.

పెద్దాయనకు టీ పెట్టి ఇచ్చాను. తాగుతూ అన్నాడు, "మరి ఆయన ఇగ రాడా?"

"రాడేమో."

"మంచోడుండె," అన్నాడు. ఎవరో పోయినవాళ్ల గురించి అన్నట్టు అన్నాడు. తర్వాత, "మాటకొకసారి చుక్క చుక్క అంటుండె ఎందుకు?" అని అడిగాడు. పొడి అక్షరాల సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. "నేను ఇన్ని దినాలు లెక్క పెడుతున్నడనుకున్న!"

అప్పుడు తెలిసింది. రోజూ పొద్దుగూకే వేళకు ఆయన తన టీవీ ఆపేసి గోడ పక్కన మంచం మీద కూర్చునేవాడట. నేను పొద్దున వినగా మిగిలిన పేపరు అప్పుడు చదివించుకునేదాన్ని. ఊళ్లో సంగతులూ, గోదావరి నీటిమట్టమూ, గనుల్లో సమ్మె కబుర్లూ అన్నీ ఆయన గోడ అవతల్నించి విన్నవే.

కొత్త గొంతు గోడ దాటలేదు. అది మెత్తనిది. మరుసటి సాయంత్రం నేను పేపరు పెట్టుకుని వింటుంటే గేటు చప్పుడైంది. "ఏమనుకోకుండ్రి టీచరమ్మా. వినపడ్తలేదు," అన్నాడు. వరండాలో కుర్చీ వేశాను. స్పీకరును కిటికీలో పెట్టాను. ఆయన బయట, నేను లోపల. ఆమె మధ్యలో చదివేది.

పాత సిస్టమ్‌కు తిరిగి వెళ్లే వీలు కొన్నాళ్లపాటు ఉంటుందని స్నేహితురాలు చెప్పింది. ఆ గడువు దాటితే ఇక కుదరదు. మొదటి రోజుల్లో నేను ఆ పేజీ తెరిచి వెనక్కి వెళ్లే బొత్తం మీద ఆగేదాన్ని. కొత్త గొంతు దాన్ని కూడా మర్యాదగా చదివి వినిపించేది. ఆమె తప్పు చదవదు. కిలోమీటర్లను కిలోమీటర్లనే అంటుంది. ఎంత బాగా చదివినా, ఆమె ఎవరో వేరేవాళ్లింట్లో కూర్చుని చదువుతున్నట్టుండేది. అతను నా బల్ల మీద కూర్చుని చదివేవాడు. ఆ తేడా ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అయినా ఆ బొత్తం నొక్కలేదు. రక్షణ కోసమని స్నేహితురాలికి చెప్పాను. నాకు తెలిసిన కారణం వేరు. పాత గొంతు తిరిగొస్తే మళ్లీ గోడ దాటి వినిపిస్తుంది. పెద్దాయన తన మంచం మీద కూర్చునే వినొచ్చు. వరండాలోకి రావలసిన పనుండదు. అతన్ని వదులుకుంటే సాయంత్రాలు ఒక మనిషి వస్తున్నాడు. గడువు దాటిన రోజు ఆ పేజీ తెరవనే లేదు.

వార్తల మధ్యలో ఆపి మాట్లాడుకునేవాళ్లం. ఆయన ల్యాంపు రూములో పనిచేశాడట. గనిలోకి దిగే కార్మికుడు తన బిళ్ల ఇచ్చి టోపీకి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక ఏదైనా మేకుకు బిళ్ల మిగిలిపోయి ఉంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని.

"ఒకనాడు అందరొచ్చి దీపాలిచ్చిపోయిన్రు. ఒక్కటి రాలే. ఎవలకు జెప్పినా, వస్తడులే, గా మూలకు బీడీ తాగుతుంటడు అంటున్రు. నేను కాదని లొల్లి పెట్టిన. మనుషులను దింపిన్రు. కాలిరిగి పడున్నడు, దీపం ఆరిపోయి. సీకట్ల అరుస్తనే ఉన్నడంట. మిషన్ల సప్పుడుకు ఎవలకు వినపడలే."

"బతికాడా?"

"బతికిండు. మా బామ్మర్దే గాయన. గప్పటి సంది, రావాల్సింది రాకపోతే నాకు కుదురుండదు టీచరమ్మా."

నేను బాణం మీట నొక్కాను. ఆమె వార్త మళ్లీ అందుకుంది.

మార్గశిరం వచ్చేసరికి చలి పెరిగింది. గోదావరి మీదనుంచి వచ్చే గాలికి ఆయన మోకాలు పట్టేసేది. నడక ఈడ్పు ఎక్కువైంది. కుర్చీ లోపల వేస్తానంటే ఒప్పుకోలేదు. "బయటనే మంచిగుంటది," అనేవాడు. ఒక రోజు కూతురు ఇల్లందు నుంచి వచ్చింది. మోకాలికి ఆపరేషన్ చేయించాలట. పోయేముందు ఇద్దరూ వచ్చి వరండాలో నిలబడ్డారు.

"ఆపరేషనైనంక వస్త. వేడి నీళ్ల రాడ్డు, మంచం అన్నీ ఈడనే ఉన్నయి," అన్నాడు ఆయన.

"ముందు నడవనీయి నాయినా," అంది కూతురు.

ఆటో వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అలవాటుగా స్పీకరు కిటికీలోనే ఉంచాను. పేపరు చదివించాను. మధ్యలో ఆపడానికి ఎవరూ లేరు కాబట్టి తొందరగా అయిపోయింది.

ఆపరేషన్ అయింది. ఆయన రాలేదు. వేసవి మొదలయ్యే ముందు కూతురు, అల్లుడు వచ్చి సామాను సర్దుకుపోయారు. గోడ అవతల మంచం లాగుతున్న చప్పుడు, గిన్నెలు సంచిలో వేస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. వెళ్లేటప్పుడు కూతురు గుమ్మం దగ్గరకు వచ్చింది. "నాయిన మంచిగనే ఉన్నడు. ఇంట్లనే నడుస్తున్నడు. ఒక్కన్ని ఈడ ఉంచుడు మాకే మనసొప్పుతలేదు," అంది. ఆమె చెప్పింది న్యాయమే. నేనూ అదే అన్నాను.

తర్వాత ఆ వాటాలోకి ఒక కొత్త జంట వచ్చింది. ఇద్దరూ దవాఖానాలో పనిచేస్తారు. డ్యూటీలు తారుమారుగా ఉంటాయి, పగలు పడుకుంటారు. నా స్పీకరు ఇంకా కిటికీలోనే ఉంది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి చాలా మొహమాటంగా, "ఆంటీ, కొంచెం సౌండ్ తగ్గిస్తరా? మాకు నైట్ డ్యూటీ," అంది. ఆమె మంచి పిల్ల. ఏదైనా అవసరమైతే పిలవమని నంబరు కూడా ఇచ్చింది. స్పీకరు తీసి సొరుగులో పెట్టాను. ఇప్పుడు ఇయర్‌ఫోన్లతోనే వింటున్నాను. కొత్త గొంతు ఇయర్‌ఫోన్లలో ఇంకా స్పష్టంగా ఉంటుంది. బయటినుంచి ఎవరైనా చూస్తే, నేను ఊరికే బల్ల ముందు కూర్చుని ఉన్నట్టు కనిపిస్తానేమో.

మొన్న ఇల్లందు నుంచి ఫోన్ వచ్చింది.

"టీచరమ్మా, నేను. బాగున్నరా?"

"బాగున్నానన్నా. మోకాలెట్లుంది?"

"మంచిగనే. పొద్దుగాల బజారు దాంక పోతున్న. ఈడ అందరున్నరు. పిల్లలున్నరు, టీవీ ఉన్నది." ఆగాడు. "ఇయ్యాల పేపర్ల ఏమున్నది?"

ఇయర్‌ఫోన్లు తీసేసి, సొరుగులోంచి స్పీకరు తీసి తగిలించాను. పక్కవాళ్లు డ్యూటీకి వెళ్లిన చప్పుడు అంతకుముందే విన్నాను. ఫోన్ స్పీకరు దగ్గర పెట్టి ఆ రోజు పేపరు తెరిచాను. ఆమె చదవడం మొదలుపెట్టింది. గోదావరి మీద కట్టే కొత్త వంతెన గురించి, పర్ణశాల దారి మరమ్మతు గురించి. ఆయన అటువైపు "అవ్... అవ్..." అంటున్నాడు. మణుగూరు గనుల వార్త మొదలవగానే అటునుంచి ఎవరో పిల్ల పిలిచింది, అన్నం చల్లారిపోతోందని.

"ఉంట టీచరమ్మా. పిలుస్తున్రు."

"వెళ్లి తినండన్నా."

ఫోన్ కట్టయింది. ఆమె ఆగకుండా చదువుతూనే ఉంది. మిగతా వార్త నేనొక్కదాన్నే విన్నాను.